యాభై దాటాక కొత్తగా షుగర్ తేలిందా? మాత్రలు ఆపకండి, బరువు రాసుకోండి

తిరుపతి కొర్లగుంటలో మా ఎదురింటి అక్కకు పదకొండేళ్లుగా షుగర్. పోయిన నెల ఎవరో ఆమె ఫోనుకి ఒక వీడియో పంపించారు, షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ప్యాంక్రియాస్ క్యాన్సర్ వస్తుందని అందులో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. అక్క ఎవరికీ చెప్పకుండా మాత్రలన్నీ ఆపేసింది. పన్నెండో రోజు నోరు పిడచగట్టుకుపోతోంది, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది అంటూ మా ఇంటికి వస్తే మా మిషన్లో చూశాం, 386 ఉంది. ఆ అంకె చూసి కూడా ఆమె అడిగింది ఒకటే, "మళ్లీ వేసుకుంటే క్యాన్సర్ వస్తాదేమో కదా?"

ఆ రోజు ఆమెను ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే పనిలో పడి సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను. నేను డాక్టర్ని కాను, మా పెదనాయన ఈ ప్యాంక్రియాస్ క్యాన్సర్‌తోనే పోయాడు, ఆయన్ను తిప్పిన నెలల్లో డాక్టర్లను అడిగి, తర్వాత చదివి తెలుసుకున్నదే ఇదంతా. షుగర్‌కీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం ఉన్న మాట నిజం. మనం మాత్ర చూసి భయపడుతున్నాం గానీ, అసలు కంగారు పడాల్సిన గుర్తు ఇంట్లో కళ్లముందే కనపడుతుంటే మెచ్చుకుంటున్నాం. మా ఇంట్లో జరిగింది అదే.

ముందు సంబంధం ఏంటో తెలుసుకుందాం

ప్యాంక్రియాస్ అంటే క్లోమం. పొట్ట వెనకాల, వెన్నెముకకు దగ్గరగా అడ్డంగా పడుకొని ఉంటుంది, జానెడు కూడా ఉండదు, 15 సెంటీమీటర్లు. అన్నం అరగడానికి రసాలు తయారుచేసి పేగులోకి పంపడం ఒక పని, ఇన్సులిన్ తయారుచేసి రక్తంలోకి వదలడం ఇంకో పని. క్యాన్సర్ చాలావరకు ఆ రసాలు పారే సన్నటి గొట్టాల గోడల్లో పుడుతుంది. అంత లోపల ఉంటుంది కాబట్టి గడ్డ చేతికి తగలదు, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. అందుకే బయటపడేసరికి ఆపరేషన్ చేయగలిగే స్థితిలో ఉన్నవాళ్లు ఐదుగురిలో ఒకరు కూడా కష్టమే.

షుగర్‌తో దీనికి రెండు వైపుల నుంచీ లంకె ఉంది. ఏళ్ల తరబడి టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు మిగతావాళ్ల కన్నా సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. రెట్టింపు అనగానే గుండె గుభేల్మంటుంది, కానీ దేనికి రెట్టింపో కూడా చూడాలి. మన దేశంలో ఈ క్యాన్సర్ ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి వస్తుంది, వయసు పైబడినవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. 2023లో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ సర్వే చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల మంది. వాళ్లలో దాదాపు అందరికీ ఈ క్యాన్సర్ జీవితంలో ఎప్పుడూ రాదు. షుగర్ వల్ల కళ్లు, కిడ్నీలు, గుండె, కాళ్లు పోయే ప్రమాదం దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది, మాత్రలు ఆపేసినవాళ్లు నేరుగా నడిచి వెళ్లేది ఆ ప్రమాదంలోకే.

ఇక రెండో వైపు. కొంతమందిలో క్యాన్సర్ ముందు పుడుతుంది, దాని వల్ల షుగర్ వస్తుంది. ఆ గడ్డ వదిలే పదార్థాలు ఇన్సులిన్ పనిని పాడుచేస్తాయి, అందుకని క్యాన్సర్ బయటపడటానికి రెండున్నర, మూడేళ్ల ముందు నుంచే రక్తంలో చక్కెర మెల్లగా పెరగడం మొదలవుతుంది. గడ్డను ఆపరేషన్‌తో తీసేశాక కొందరిలో షుగర్ తగ్గిపోవడం కూడా డాక్టర్లు చూశారు. అమెరికాలోని మిన్నెసోటాలో 50 దాటాక కొత్తగా షుగర్ తేలిన రెండు వేలమంది రికార్డులు పరిశీలించి 2005లో ఒక లెక్క చెప్పారు: మూడేళ్లలోపు నూటికి దాదాపు ఒకరికి ఈ క్యాన్సర్ బయటపడింది. అంటే మిగతా 99 మందిది మామూలు షుగరే. అది అక్కడి లెక్క, మన దగ్గర ఈ క్యాన్సరే తక్కువ. మరి ఆ ఒక్కరు ఎవరో ఎలా తెలుస్తుంది? దానికి మా పెదనాయన సంగతి చెప్పాలి.

ఆయనది పాకాల దగ్గర పల్లె, రెండెకరాల మామిడితోట. ఏటా సీజన్లో దామలచెరువు మండీకి కాయ తోలినప్పుడు, సరుకు తూకం అయ్యాక ఆ కాటా మీద తానూ ఒకసారి ఎక్కి నిలబడేవాడు. గుమాస్తా అంకె చెబితే దాన్ని కాయల చీటీ వెనకాల రాసుకొని జేబులో పెట్టుకునేవాడు. అదొక సరదా ఆయనకు. ఒక ఏడాది 74. మరుసటి ఏడాది 73. ఆ తర్వాతి ఏడాది 66. ఆ 66 వచ్చిన నెలకే ఏదో జ్వరానికని రక్తం చూస్తే షుగర్ ఉందన్నారు. అప్పటికి ఆయనకు 61 ఏళ్లు, మా వంశంలో ఎవరికీ షుగర్ లేదు. మాత్ర మొదలుపెట్టారు, అన్నం తగ్గించి సంగటి తిన్నాడు, పొద్దున్నే తోట చుట్టూ నడిచాడు. బెల్టుకు మేకుతో ఒక కొత్త రంధ్రం కొట్టుకున్నాడు, రెండు నెలలకు దాని పక్కనే ఇంకొకటి. సంక్రాంతికి అందరం ఊరికి పోయినప్పుడు నేనే అన్నాను, "బాగా తగ్గినావే పెదనాయనా, కుర్రోడి మాదిరి ఉండావు" అని. "అంతా నడక మహిమరా" అని ఆయన మురిసిపోయాడు.

అప్పటికి బరువు 59. షుగర్ మాత్రం తగ్గలేదు, ఒక మాత్ర మూడు మాత్రలైంది. మొదటి ఏడు కేజీలు పోయింది షుగర్ తేలక ముందే, నడక మొదలుపెట్టక ముందే, మాత్ర నోట్లో వేసుకోక ముందే. ఆ రుజువు మూడు చీటీల రూపంలో ఆయన బీరువాలోనే ఉంది. చూపించిన డాక్టరు పోయిన ఏడాది బరువు ఎంత అని అడగలేదు, మేమూ చెప్పలేదు. ఉగాది ముందు కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లంతా ఒకటే దురద, నొప్పి మాత్రం లేదు. కామెర్లే కదా అని పసరు మందు తాగించారు, మూడు వారాలు గడిచిపోయాయి. తర్వాత సీటీ తీస్తే క్లోమం తలభాగంలో గడ్డ, పక్కనున్న రక్తనాళాలను చుట్టేసింది, ఆపరేషన్ కుదరదన్నారు.

అందుకే నేను చెప్పే మొదటి పని చీటీ. ఇది చాలా చిన్న పని, చాలా పెద్ద పని.

చీటీ ఎలా రాయాలి

ఇంట్లో 50 దాటినవాళ్లు, షుగర్ ఉన్నా లేకున్నా, నెలకొకసారి బరువు చూసుకొని తేదీతో రాయండి. ఒకే కాటా మీద, పొద్దున్నే, ఏమీ తినకముందు, చెప్పులు లేకుండా. కాటా మారితే రెండు కేజీలు అటూ ఇటూ చూపిస్తుంది, ఆ తేడాకు అనవసరంగా టెన్షన్ పడతాం. ఇంట్లో కాటా లేకపోతే మీరెప్పుడూ వెళ్లే మెడికల్ షాపులోదో, రేషన్ షాపులోదో ఒకటి ఎంచుకొని దాన్నే పట్టుకోండి. పాత బరువు గుర్తులేకపోతే వెతకండి: పాత ఓపీ చీటీల మీద ఉంటుంది, ఇన్సూరెన్స్ కాగితాల్లో ఉంటుంది, పెళ్లి ఫోటోల్లో మొహం చూసినా తెలుస్తుంది, బెల్టు రంధ్రాలు, వదులైన గాజులు, వేలికి నిలవని ఉంగరం కూడా చెబుతాయి.

బరువు పక్కనే షుగర్ అంకెలు. ఫాస్టింగ్ ఎంత, మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ ఎంత, ఏ తేదీన. దాని పక్కన ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు డోసు పెంచారు. చాలామంది దగ్గర ల్యాబ్ రిపోర్టులు గుట్టగా ఉంటాయి, కానీ డాక్టర్ ముందు అరనిమిషంలో చూపించడానికి పనికిరావు. ఒక్క తెల్లకాగితం మీద మూడు వరుసలు ఉంటే ఏ డాక్టరైనా చూస్తారు. అమెరికాలోని మాయో క్లినిక్ ఆసుపత్రి వైద్యులు 2018లో, కొత్తగా షుగర్ తేలినవాళ్లలో ఎవరిని లోతుగా పరీక్షించాలో తేల్చడానికి ఒక స్కోరు తయారుచేశారు. అందులో చూసేవి మూడే సంగతులు: షుగర్ తేలిన వయసు, గడిచిన ఏడాదిలో బరువు ఎంత మారింది, షుగర్ ఎంత మారింది. మీ చీటీలో ఉండేవి కూడా అవే.

చీటీని చదివేటప్పుడు ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. మామూలుగా వచ్చే టైప్ 2 షుగర్ ఒళ్లు పెరిగిన వాళ్లకు వస్తుంది, షుగర్ తేలేముందు బరువు నిలకడగా ఉంటుంది లేదా పెరుగుతుంది. తిండి తగ్గించి, నడిచి బరువు తగ్గితే షుగర్ కూడా దిగాలి. బరువు దిగుతూ షుగర్ ఎక్కుతోందంటే లెక్క ఎక్కడో తేడాగా ఉంది, డాక్టర్ దగ్గర ఆ మాట పైకి అనాలి.

ఇక్కడ తొందరపడి ఒక నిర్ణయానికి రావద్దు. షుగర్ బాగా పెరిగిపోతే చక్కెర మూత్రంలో పోయి, దాని వల్లనే మనిషి చిక్కిపోతాడు. అలాంటప్పుడు మందులతో షుగర్ అదుపులోకి వచ్చాక బరువు ఆగాలి, కొంత వెనక్కి రావాలి. షుగర్ అదుపులోకి వచ్చి రెండు మూడు నెలలైనా ఇంకా తగ్గుతూనే ఉంటే అప్పుడు వదలకూడదు. థైరాయిడ్ ఎక్కువైనా తగ్గుతారు. మన దేశంలో టీబీని కూడా మరిచిపోకూడదు, షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం ఎక్కువ, బరువు తగ్గడానికి క్యాన్సర్ కన్నా అదే కారణమయ్యే అవకాశం ఎక్కువ. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం ఉంటే కఫం పరీక్ష ముందు చేయించండి.

షుగర్ ఉన్నట్టుండి పెరగడానికి ఉండే మామూలు కారణాలు కూడా ఇంట్లోనే ఒకసారి సరిచూసుకోండి. మాత్రలు తప్పాయా, ఎక్కడైనా చీము పట్టిన పుండు ఉందా, ఉబ్బసానికో చర్మానికో స్టెరాయిడ్ వాడారా. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పేరులేని పొడి, పొట్లం కట్టిచ్చిన మాత్రలు తింటున్నారా అని మరీ అడగండి, అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలుపుతుంటారు, షుగర్ ఎగబాకుతుంది. ఇవేవీ లేకుండా, పదేళ్లుగా 130 దగ్గర ఉన్న మనిషికి మూడు నెలల్లో 250 దాటిపోతే, అది పాత షుగరే అయినా సరే, కొత్తగా తేలినట్టే లెక్కపెట్టండి.

ఇక మందుల సంగతి

ఎదురింటి అక్క ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆమె వాడే వాటిలో ఒకటి గ్లిప్టిన్. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, ఇలా పేరు చివర గ్లిప్టిన్ అని ఉండేవన్నీ ఒక కుటుంబం, మన దగ్గర ఇప్పుడు చాలామంది చీటీల్లో ఇవి ఉంటాయి. 2013లో వీటి మీద, వీటి దగ్గరి చుట్టాలైన ఇంజెక్షన్ల మీద నిజంగానే పెద్ద అనుమానం లేచింది, క్లోమానికి హాని చేస్తున్నాయేమో అని. అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు రెండూ కలిసి ఉన్న ఆధారాలన్నీ తిరగేసి, ఈ మందులే క్లోమ క్యాన్సర్‌కు కారణమని చెప్పడానికి ఆధారాలు సరిపోవని 2014లో చెప్పాయి. ఆ తర్వాతి ఏడాది సిటాగ్లిప్టిన్ మీద 14 వేలకు పైగా మందితో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి: మందు వాడినవాళ్లలో 9 మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 14 మందికి క్లోమ క్యాన్సర్ కనిపించింది. అంత చిన్న అంకెల్లో అటూ ఇటూ తేడా యాదృచ్ఛికమే, కానీ మందు వల్ల పెరిగిందని మాత్రం అనలేం. ఆ వీడియోలో ఆయన 2013 దగ్గరే ఆగిపోయాడు.

గ్లిప్టిన్లలో జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది, క్లోమం వాపు. చాలా అరుదు, కానీ ఉంది. పైకడుపులో భరించలేని నొప్పి, వీపులోకి పొడుచుకొస్తుంది, వాంతులు, ముందుకు వంగి కూర్చుంటే కాస్త హాయిగా ఉంటుంది. ఇలా అయితే గ్యాస్ నొప్పి అని సోడా తాగించి ఇంట్లో పడుకోబెట్టవద్దు, ఆ మాత్ర ఇక వేయకుండా నేరుగా ఆసుపత్రికి. గతంలో క్లోమం వాపు వచ్చినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, మందు రాయించుకునేటప్పుడే ఆ మాట చెప్పాలి.

సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లకూ ఇదే వర్తిస్తుంది. ఇజ్రాయెల్‌లో ఐదు లక్షలకు పైగా షుగర్ ఉన్నవాళ్ల రికార్డులు చూసి 2024లో వేసిన లెక్కలో, ఏడేళ్ల వరకూ ఇన్సులిన్ వాడినవాళ్లతో పోలిస్తే ఈ ఇంజెక్షన్ల వల్ల క్లోమ క్యాన్సర్ పెరిగినట్టు కనపడలేదు. వీటితో ఒక చిక్కు మాత్రం ఉంది. ఇవి ఆకలి చంపి బరువు బాగా తగ్గిస్తాయి, మూత్రంలో చక్కెర పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా రెండు మూడు కేజీలు తగ్గిస్తాయి, మెట్‌ఫార్మిన్ కొందరికి కాస్త తగ్గిస్తుంది. మరి జబ్బు వల్ల తగ్గిందా, మందు వల్ల తగ్గిందా? చీటీయే చెప్పాలి. మందు మొదలైన తేదీకి ముందే బరువు జారడం మొదలైందా, తర్వాతా? మందుతో షుగర్ దిగిందా, ఎక్కిందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీ చేతిరాతలో ఉంటే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

ఇన్సులిన్ మీద మన ఊళ్లలో ఉన్న భయం ఇంకా పాతది. "సూది మొదలుపెట్టినారు, ఆర్నెల్లకే క్యాన్సర్ అన్నారు" అని చెప్పేవాళ్లు ప్రతి పల్లెలో ఉంటారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు, అర్థం చేసుకున్నది తిరగబడింది. వాన ముందు చీమలు గుడ్లు మోసుకొని బారులు తీరతాయి, అలాగని చీమల వల్ల వాన రాదు కదా. లోపల గడ్డ పెరుగుతుంటే మాత్రలకు షుగర్ లొంగదు, అందుకని ఇన్సులిన్ మొదలుపెడతారు, కొన్ని నెలలకు గడ్డ బయటపడుతుంది. రికార్డుల్లో ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ రకం మాత్రలు వాడినవాళ్లకు ఈ క్యాన్సర్ ఎక్కువగా కనిపించడానికి పెద్ద కారణం ఇదే. గ్లార్జిన్ ఇన్సులిన్‌ని 12,500 మందికి పైగా చేర్చుకొని ఆరేళ్లకు పైగా పరీక్షించి 2012లో ఫలితాలు ఇచ్చారు, క్యాన్సర్లు పెరగలేదు. కాబట్టి డాక్టర్ ఇన్సులిన్ వేసుకోమంటే వేసుకోండి. "ఉన్నట్టుండి ఎందుకు అవసరమైంది సార్?" అని మాత్రం తప్పకుండా అడగండి.

మెట్‌ఫార్మిన్ గురించి పుకారు ఇంకో వైపుది, అది వేసుకుంటే క్యాన్సర్ రాదని. మొదట్లో వచ్చిన కొన్ని అధ్యయనాలు అలాగే ఆశ పెట్టాయి, వాటి లెక్కల్లో లోపాలున్నాయని తర్వాత తేలింది. క్లోమ క్యాన్సర్ ఉన్నవాళ్లకు కీమోతో పాటు మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూసినా ఆయుష్షు పెరగలేదు. అది మంచి షుగర్ మాత్ర, చవక, అందుకు వాడండి. పయోగ్లిటజోన్ అనే ఇంకో షుగర్ మాత్ర వాడేవాళ్లకు 2013 సంగతి గుర్తుండొచ్చు, మన దేశంలో దాని అమ్మకం కొన్ని వారాలు ఆపి, హెచ్చరిక రాయించి మళ్లీ అనుమతించారు. ఆ గొడవ మూత్రాశయ క్యాన్సర్ గురించి. మూత్రంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా చెప్పాలి.

ఏ మందు మీద అనుమానం వచ్చినా మార్పించుకోవచ్చు, ప్రత్యామ్నాయాలు బోలెడు. సొంతంగా ఆపడం మాత్రం వద్దు.

డాక్టర్ దగ్గర ఏమనాలి, ఏ పరీక్ష అడగాలి

ఓపీలో మనకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. "నీరసంగా ఉంది సార్, అరగడం లేదు సార్" అని మొదలుపెడితే బలానికి టానిక్, గ్యాస్‌కి మాత్ర రాసేస్తారు. ఇలా చెప్పండి: "సార్, వయసు 61. షుగర్ కొత్తగా తేలింది, ఇంట్లో ఎవరికీ లేదు. ఏడాదిలో ఏడు కేజీలు తగ్గినాను, తగ్గింది షుగర్ తేలక ముందే. ఇదిగో చీటీ. ప్యాంక్రియాస్ చూడాల్సిన అవసరం ఉందా?" ఈ ఐదు వాక్యాలు మా పెదనాయన చేత చెప్పించి ఉంటే ఎనిమిది నెలలు ముందే సీటీ తీసేవాళ్లు. అప్పుడు ఏమయ్యేదో చెప్పలేను, కనీసం ఆపరేషన్ టేబుల్ దాకా పోయే అవకాశం ఉండేదేమో.

అల్ట్రాసౌండ్ తీసి "పొట్ట స్కానింగ్ నార్మల్" అంటే అక్కడితో ఆగిపోవద్దు. క్లోమం ముందు పొట్ట, పేగులు ఉంటాయి, వాటిలో గాలి ఉంటే వెనకున్నది కనపడదు. రిపోర్టులో ప్యాంక్రియాస్ అని ఉన్న లైను వెతికి చదవండి, లేదా చదివించుకోండి. అక్కడ 'అబ్‌స్క్యూర్డ్', 'నాట్ విజువలైజ్డ్' లాంటి మాట ఉంటే, చూడలేకపోయాం అని అర్థం, బాగుందని కాదు. మా పెదనాయన మొదటి రిపోర్టులో లివర్ గురించి, కిడ్నీల గురించి, ప్రొస్టేట్ గురించి ఒక్కో లైను బాగానే రాశారు, క్లోమం దగ్గర మాత్రం గ్యాస్ వల్ల సరిగ్గా కనపడలేదని ఉంది. కింద ఇంప్రెషన్ అని ఉన్న చోట పెద్దగా ఏమీ లేదని రాశారు, మేము కింది లైనే చదివాం.

అనుమానం గట్టిగా ఉంటే తీయాల్సింది క్లోమం కోసం ప్రత్యేకంగా, రంగుమందు ఎక్కించి తీసే సీటీ. దానికి ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు, షుగర్ ఉన్నవాళ్లకు ఇది తప్పనిసరిగా చూడాలి. కిడ్నీ పనితీరు తక్కువుంటే మెట్‌ఫార్మిన్ రెండు రోజులు ఆపమంటారు, కిడ్నీ బాగుంటే సాధారణంగా ఆపక్కర్లేదు, వాళ్లనే అడగండి. సీటీలో తేలకపోతే ఎమ్మారై, లేదా నోటి ద్వారా గొట్టం పంపి లోపలి నుంచి చూసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్. చిన్న గడ్డలను పట్టడంలో అది చాలా మెరుగు, దాంతోనే ముక్క కూడా తీయగలరు.

ఈ క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే ఒక పదార్థాన్ని కొలిచే, హెల్త్ ప్యాకేజీల్లో కలిపి అమ్మే సీఏ 19-9 రక్తపరీక్షను మాత్రం మీ అంతట మీరు చేయించుకోవద్దు. మామూలు కామెర్లు, క్లోమం వాపు ఉన్నా అది పెరుగుతుంది, కొందరి ఒంట్లో ఆ పదార్థం పుట్టనే పుట్టదు, వాళ్లకు క్యాన్సర్ ఉన్నా నార్మల్ వస్తుంది. ఏ లక్షణమూ లేని మామూలు మనుషులకు ఈ క్యాన్సర్ కోసం పరీక్షలు చేయవద్దని అమెరికా నిపుణుల సంఘం 2019లో కూడా చెప్పింది. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ సీటీకి పరిగెత్తితే, రేడియేషన్, ఖర్చు, ఏదో చిన్న నీటితిత్తి కనపడి నెలల తరబడి నిద్రలేకపోవడం, ఇవే మిగులుతాయి. పరీక్ష ఎవరికి అవసరమో ఏరడానికే ఇంత చీటీ పని.

చీటీ అవసరం లేకుండా అదే వారం డాక్టర్ దగ్గరికి పోవాల్సినవి ఉన్నాయి. నొప్పి లేకుండా కళ్లు పచ్చబడటం, మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులోకి మారడం, మలం సున్నం కలిపినట్టు తెల్లగా పోవడం, ఒళ్లంతా దురద. పసరు తాగించడానికి ఇది సమయం కాదు, 50 దాటినవాళ్లకైతే అసలే కాదు, ముందు స్కానింగ్ జరగాలి. జిడ్డుగా, నీళ్లు పోసినా పోకుండా తేలే మలం, పడుకుంటే ఎక్కువై కూర్చుంటే తగ్గే వీపునొప్పి, కారణం లేకుండా కాలి పిక్కలో రక్తం గడ్డకట్టి వాచిపోవడం, ఇవి కూడా.

కొంతమందికి ముప్పు ముందు నుంచే ఎక్కువ, వాళ్లు వేరే దారి పట్టాలి. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఇద్దరికి ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే జన్యుపరీక్షల గురించి అడగాలి, అలాంటి కుటుంబాలకు లక్షణాలు లేకున్నా క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తారు. ఇంకొకటి మన దక్షిణాదిలో చూసేది: సన్నగా ఉంటారు, చిన్నప్పటి నుంచి విడవకుండా కడుపునొప్పి, పాతికేళ్లకో ముప్పైకో షుగర్, స్కాన్‌లో క్లోమంలో రాళ్లు. కేరళ, తమిళనాడుల్లో దీన్ని ఎక్కువగా గుర్తించారు, తమిళనాడు మనకు సరిహద్దే కదా. వీళ్లకు క్లోమ క్యాన్సర్ ముప్పు మామూలు షుగర్ వాళ్ల కన్నా చాలా ఎక్కువ. షుగర్ డాక్టర్ ఒక్కరే చాలరు, గ్యాస్ట్రో డాక్టర్ కూడా ఎప్పుడూ చూస్తుండాలి.

పాత షుగర్, బరువు నిలకడ, పై లక్షణాలేవీ లేవు, అలాంటివాళ్లు చేయాల్సింది కొద్దే. బీడీ, సిగరెట్ మానేయండి, పొగ ఒక్కటే ఈ ముప్పును దాదాపు రెట్టింపు చేస్తుంది, షుగర్‌తో కలిస్తే చెప్పనక్కర్లేదు. మద్యం ఎక్కువైతే క్లోమం వాచి వాచి పాడవుతుంది. పొట్ట తగ్గించండి.

చివరగా ఎక్కడికి అనే మాట. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, అలిపిరి దగ్గర 2022లో మొదలైన టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ గంట ప్రయాణం. ఎక్కడికి పోయినా సీటీ ఫిల్ముతో పాటు సీడీ అడిగి తీసుకోండి, ఇంకో ఆసుపత్రిలో ఆ సీడీయే చూస్తారు, లేకపోతే మళ్లీ తీయమంటారు. క్లోమం ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ దగ్గరికే పోండి, ఏడాదికి ఎన్ని చేస్తారని అడగడంలో తప్పులేదు. ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, కార్డు, ఆధార్ మొదటి రోజే సంచిలో పెట్టుకోండి.

ఎదురింటి అక్క మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది, నిన్న ఫాస్టింగ్ 148. వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు ఒక తెల్లకాగితం అంటించి ఉంది, మొదటి వరుసలో తేదీ, 63 కేజీలు. మా ఇంట్లో అలాంటి కాగితం పక్కన దామలచెరువు మండీ చీటీలు మూడు కూడా ఉన్నాయి, పెద్దమ్మ పారేయనివ్వలేదు.